వైద్యుని ఏమరుపాటును ప్రశ్నించుట పాపమా?



మా నిజాంసాగరు ప్రాంతమున ఒక గృహిణికి రొమ్మున గడ్డ కనబడెను. చూచిన వైద్యుడు దానిని పాలగడ్డయని తలచి, ఏ పరీక్షకును పంపక, ఎనిమిది మాసములు మందులిచ్చెను. తుదకు హైదరాబాదులో ముక్క తీసి పరీక్షింపగా అది క్యాన్సరనియు, చంకలోనికి ప్రాకినదనియు తేలెను. పరిహారము కోరుమని బంధువులు చెప్పగా, ఆమె భర్త నాతో, “ఆయన అర్ధరాత్రియైనను తలుపు తీసి మా బిడ్డలను కాపాడినవాడు. ఇది శివసంకల్పము. వ్యాజ్యము వేయుట పాపము కాదా?” యనెను.

ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. కృతజ్ఞత శరణ ధర్మమే. కాని 1931లో పూర్తియైన మన నిజాంసాగరు జలాశయమును చూడుడు. వాన కురియుట మానవుని చేతిలో లేదు. తూము తెరచుట మానవుని పని. నీరుండియు సకాలమున తూమెత్తక పైరెండినచో ఆ దోషమును శివునిపై మోపుదుమా? వ్యాధి వచ్చుట వైద్యుని తప్పు కాదు. నెలల తరబడి తగ్గని గడ్డను పరీక్షకు పంపకుండుట మాత్రము కాయకలోపము. బసవేశ్వరుడు కాయకమును పూజాస్థానమున నిలిపెను. అట్టి కాయకమందలి లోపమును చూపుట ద్వేషము కాదు.

అయినను ఆలస్యమైన ప్రతి రోగనిర్ణయమును నిర్లక్ష్యము కాదు. కొన్ని క్యాన్సర్లు నిపుణునికి సైతము చిక్కక దాగియుండును. సామాన్య సామర్థ్యము గల వైద్యుడు చూపవలసిన జాగ్రత్తను చూపెనా యనునదే కొలబద్దయని సుప్రీంకోర్టు 2005లో జాకబ్ మాథ్యూ వ్యాజ్యమున తెలిపెను. ఆలస్యమువలననే హాని కలిగినదని రోగి పక్షమువారు నిరూపింపవలెను. రుసుము పుచ్చుకొని చేయు వైద్యము వినియోగదారుల రక్షణ చట్టమునకు లోబడునని 1995లోనే నిర్ణయమైనది. 1990లో హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో ఛాతీలోని కంతికి శస్త్రచికిత్స జరిగిన పిదప ఒక ఇంజనీరింగు విద్యార్థి కాళ్ళు చచ్చుబడెను. ముందు చేయవలసిన పరీక్షలు చేయలేదని సుప్రీంకోర్టు గుర్తించి, 2009లో కోటి రూపాయల పరిహారము విధించెను. న్యాయము దక్కెను గాని పందొమ్మిదేండ్లు గడచెను.

ఎంత కోరవలెనన్నదియు ధర్మప్రశ్నయే. ఆయ్దక్కి మారయ్య నిత్యపు కొలతకు మించి బియ్యము తెచ్చినప్పుడు లక్కమ్మ వానిని మరల అక్కడనే పోసి రమ్మనెను. కోల్పోయినదానికి, చికిత్సకు తగినది కోరుట న్యాయము; పగతోడను ఆశతోడను కోరుట ఆ మించిన బియ్యమే.

మన ఆలస్యమును కూడ విచారింపవలెను. ఇష్టలింగమును ధరించు దేహమున గడ్డ కనబడినపుడు సిగ్గుచే దాచుట, “చూతములే” యని ఇంటివారు దాటవేయుట ఇవియు లోపములే. తగ్గని గడ్డకు పరీక్ష అడుగుట వైద్యుని అవమానించుట కాదు.

ఆ భర్తతో నేనిట్లంటిని: “మొదట ఆ వైద్యుని యెదుటకే పోయి జరిగినది చెప్పుము. చికిత్స కాగితములను వ్రాతపూర్వకముగ కోరుము. డెబ్బదిరెండు గంటలలో ఇయ్యవలెనని వైద్యుల నియమావళి. సమాధానము దొరకనిచో జిల్లా వినియోగదారుల కమిషనును ఆశ్రయింపుము. అందులకు గడువు రెండేండ్లు. ఆయన చేసిన మేలును మరువకుము. ఆ మేలును చూపి నీ భార్యకు జరిగిన హానిని కప్పకుము.”

దయ ధర్మమునకు మూలము. వైద్యునిపై చూపు దయ, మంచమున నున్న రోగిపై చూపవలసిన దయను మ్రింగరాదు.