మనీలైన్ పందెం, ధర్మసూక్ష్మం

ఆటలో ఎవరు గెలుస్తారన్న ఒక్క ప్రశ్న మీదే మనీలైన్ పందెం నడుస్తుంది. ఎంత తేడాతో గెలిచారన్నది దానికి పట్టదు. అమెరికా పద్ధతిలో ఫేవరెట్ జట్టుకు మైనస్, రెండో జట్టుకు ప్లస్ గుర్తు పెడతారు. మైనస్ 150 అంటే వంద రూపాయల లాభం కోసం 150 ఒడ్డాలి. ప్లస్ 130 అంటే వంద ఒడ్డి గెలిస్తే 130 లాభం. గెలుపు అవకాశాల అంచనా ఈ ధరల్లోనే ఉంటుంది. 150ని 250తో భాగిస్తే 60 శాతం, వందను 230తో భాగిస్తే సుమారు 43.5 శాతం. రెండూ కలిస్తే నూరు కావాలి, 103.5 అవుతుంది. ఆ పై మూడున్నర బుకీ లాభానికి ఆధారం. రెండువైపులా పందేలు తగిన పాళ్లలో పడితే, ఎవరు గెలిచినా అతనికి మిగిలేలా ధర కట్టి ఉంటుంది.

ఇక ధర్మం మాటకొస్తే, పాచికల వంటి ప్రాణం లేనివాటితో ఆడేది ద్యూతమనీ, ప్రాణుల పోటీ మీద కాసేది సమాహ్వయమనీ మనుస్మృతి విడదీసింది. క్రికెట్ పందెం రెండోదానికి దగ్గర. మనువు రెండింటినీ రాజ్యంలో ఉండనివ్వవద్దన్నాడు. కౌటిల్యుడు మాత్రం జూదానికి అధ్యక్షుణ్ణి పెట్టి, గెలిచిన సొమ్ములో నూటికి అయిదు రాబట్టమన్నాడు. తెలంగాణ మనువు దారి పట్టింది: 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి ఆన్‌లైన్ పందేలనూ నిషేధించింది.

అయితే లెక్క తెలిసి ఆడేవాడికి జూదం ధర్మమవుతుందా?  వ్యాసుడి భారతంలో ఈ ప్రశ్నకు జవాబు వెతకవచ్చు. అరణ్యపర్వంలో ఋతుపర్ణుడు తానిచెట్టు కాయలనూ ఆకులనూ చూపుతోనే లెక్కగట్టి, జూదంలో తమ్ముడు పుష్కరుడికి రాజ్యం పోగొట్టుకున్న నలుడికి అక్షహృదయం, అంటే పాచికల రహస్యం, ఉపదేశిస్తాడు. పూర్వం తానికాయలే పాచికలు. ఆ విద్య అందగానే, నలుణ్ణి ఆవహించి ఉన్న కలి వదిలిపోయాడు. నలుడు ఒక్క పందెంలో తన రాజ్యం తాను తిరిగి గెలుచుకుని, ఓడిన పుష్కరుణ్ణి క్షమించి, అతని సొత్తు అతనికే ఇచ్చి పంపాడు. లెక్క అతనికి వ్యసనం నుంచి విడుదల అయిందే గాని బతుకుతెరువు కాలేదు.

లెక్కకు అందని ప్రశ్న మరొకటి సభాపర్వంలో ఉంది. ధర్మరాజు జూదంలో తనను ఒడ్డి ఓడినప్పుడు, తన్ను తాను ఓడినవాడికి మరొకరిని ఒడ్డే హక్కు ఎక్కడిదని ద్రౌపది నిలదీసింది. ధర్మం సూక్ష్మమంటూ భీష్ముడు తేల్చలేకపోయాడు. కౌరవుల్లో పుట్టిన వికర్ణుడు ధైర్యంగా తేల్చాడు: ఆమె అయిదుగురికీ భార్య, వ్యసనంలో మునిగిన ఒక్కడు ఆమెను ఒడ్డితే ఆ పందెం చెల్లదు. ఇంటి కిరాయికి దాచిన డబ్బు, భార్య పుస్తెలతాడు, పిల్లల ఫీజు ఒడ్డేవాడి విషయంలోనూ వికర్ణుడి తీర్పే సరైనది.