బాటకు భూమి నిచ్చువారు

దర్శికిని అద్దంకికిని నడుమనున్న ముండ్లమూరువంటి గ్రామములు బాట నాశ్రయించి పెరిగినవి. బాట కిరువైపుల ఇండ్లును, ఇండ్ల ముందర అంగళ్లును వెలసి, ఎద్దుబండ్లకు చాలిన ఆ వీథిలోనే నేడు పొగాకు బేళ్ల లారీలు, ట్రాక్టర్లు, ఆర్టీసీ బస్సులు, బడిపిల్లల ఆటోలు ఒండొంటి నొరసికొనుచు పోవలసివచ్చినప్పుడు, ఊరివెలుపల బైపాసు రోడ్డు వేయుటకంటె గత్యంతరము లేదని ఎల్లరును చెప్పుదురు. అది నిజమే. కాని ఆ బాట పోవుచోట ఎవరిదో కందిచేను ఉండును. పదిమంది సుఖమునకై ఒకని చేను తీసికొనుట ధర్మమగునా?

బాట వేయుట పుణ్యకార్యమని మన పెద్దలు నిస్సందేహముగా నమ్మిరి. ఎఱ్ఱగుడి బండలమీద చెక్కించిన అశోకుని శాసనములలో, బాటలవెంట బావులు త్రవ్వించి చెట్లు నాటించిన సంగతి కలదు. అవి మనుష్యులకే గాక పశువులకును ఉద్దేశింపబడినవి. 14వ శతాబ్దిలో అద్దంకి రాజధానిగా నేలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును అహోబిలమునకును సోపానములు కట్టించెను. అయితే కొండరాళ్లమీద మెట్లు కట్టినవానికి రైతుపొలముల చిక్కు అంతగా ఎదురై యుండదు. చదునునేలపై బాట వేయువానికి అది తప్పదు.

ఈ చిక్కును మీమాంసకులు వేరొక సందర్భమున మిక్కిలి సూక్ష్మముగా విచారించిరి. సర్వస్వమును దక్షిణగా ఈయవలసిన విశ్వజిద్యాగమున రాజు భూమినికూడ దానము చేయవచ్చునా యని ప్రశ్నించుకొని, భూమి యెల్లరకును సమానమగుటచే అది దేయము కాదని జైమిని నిర్ణయించెను. క్షేత్రములకు స్వాములు కలరు గాని భూగోళమంతటికి స్వామి లేడనియు, సార్వభౌముడు పైరులను కాపాడుటచే అందు భాగమునకు మాత్రమే అర్హుడనియు శబరస్వామి వివరించెను. ఈ విచారము నాకు యాగశాలలోకంటె సర్వేరాయికడ అధికముగా ప్రకాశించుచున్నట్లు తోచును. తనది కానిదానిని ఇచ్చినవానికి దానఫలము లేదు గనుక, బాట వేయు ప్రభుత్వము దాత కానేరదు. తనంత తానై విడిచినచో రైతు దాత. బలిమిచే తీసికొన్నచో అక్కడ దానమే లేదు, ఋణము మాత్రమే మిగులును. 1894 నాటి చట్టమునకు మారుగా వచ్చిన 2013 భూసేకరణ చట్టము, పల్లెభూముల విపణివిలువను రెండురెట్లవరకు హెచ్చించుట కవకాశ మిచ్చి, అంతకంత సొలేషియము చేర్చవలెనని విధించుట దయ కాదు, ఆ ఋణమునకు కట్టిన లెక్క. పూర్తిపరిహారము చెల్లిన పిమ్మటనే స్వాధీనమని ఆ చట్టమే చెప్పుచుండగా, సొమ్ము చేతికందకమునుపే చేనిలో పొక్లెయిను దించుట ఘోరమైన అధర్మమని నేను దృఢముగా నమ్ముదును.

సొమ్ముతో తీరని ఋణముకూడ కలదు. ఎత్తైన కట్టమీద పోవు బాట ఒక్క చేనిని రెండు తునుకలు చేయును. ఎగువ కురిసిన వాన దిగువకు పోవు దారి తప్పి పైరులో నిలిచిపోవును. గొడ్లు పోవు డొంకకు అడ్డు పడినచో, ఎదుట కనుపించు చేనికే కాపు మైలుదూరము చుట్టిపోవలెను. తూములు ఎన్ని, ఎంత వెడల్పు, డొంకకై కట్టు అండర్‌పాసులో వరిగడ్డి ట్రాక్టరు పట్టునా, అను ప్రశ్నలు పద్దుపుస్తకములో స్వల్పవ్యయములుగా కనుపించవచ్చును. నా దృష్టిలో ఆ నిర్మాణముయొక్క ధర్మాధర్మములు తేలునది అక్కడనే. నీరు పోవు దారిని ఆ నేల దున్నిన వృద్ధులను అడిగి తెలిసికొనక గీచిన అలైన్‌మెంటు ఎంత తిన్ననిదైనను లోపభూయిష్టమే.

ఇక ఊరిలోని పాతవీథి మాట. బండిపై పోవువానికి, అతివృద్ధునకు, రోగికి, బరువు మోయువానికి, స్త్రీకి దారి విడువవలెనని మనుస్మృతి చెప్పుచున్నది. బైపాసు ఆ మొదటివానికి వేరు దారి చూపును. కావున పాతవీథి తక్కినవారి కందరకును దక్కవలెను. లారీలు తొలగిన చోటనే మోటారుసైకిళ్లు అడ్డదిడ్డముగా నిలిచినచో రైతు విడిచిన చేనికి న్యాయము జరుగలేదు.

పాతబాటమీద టీకొట్టు పెట్టుకొని జీవించినవాని విషయము మాత్రము ఇంకను కఠినము. వాని భూమి ఎవరును తీసికొనలేదు గనుక పరిహారము రాదు. బాట వానిది కాదు, బాటసారులును వానివారు కారు. జైమిని తర్కము వానివరకు పోదు. అయినను ఆ వీథి ప్రాణముతో నుండుటకు వాని బేరమును ఒక కారణమే. కనీసము బస్సులనైనను కొత్తబాట మీదుగా మళ్లింపక, ఊరిలోని పాత స్టాండులోనే ఆగి పోవునట్లు చేయుమని గ్రామస్థులు ఆర్టీసీవారిని అడుగవలెను. అది బాట పూర్తియైన పిమ్మట గాక, సర్వేరాళ్లు పాతుచున్న దినములలోనే అడుగవలెను.