కాకి ముద్ద

కనుమనాడు మా కోనసీమలో జగ్గన్నతోటకి ప్రభలు వస్తాయి. ఏకాదశ రుద్రులు పదకొండు ఊళ్ల నుంచి మనుషుల భుజాలెక్కి కదులుతారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలైతే చేలల్లో పడి, కౌశిక కాలవలో దిగి, నీళ్లలోంచే అవతలి గట్టెక్కుతాయి. పచ్చటి వరి కాళ్ల కింద బురదైపోతుంది. ఏ రైతూ నష్టం అడగడు. తన చేను తొక్కితే పంట బాగా పండుతుందని దణ్ణం పెట్టుకుంటాడు.

ముప్పై ఏళ్లు సర్వేయరుగా గొలుసు లాగినవాణ్ణి. ఒక్క లింకు తేడాకి అన్నదమ్ములు గట్టు మీదే కలబడటం చూశాను. ఆ అన్నదమ్ములే కనుమనాడు గట్లు మరిచిపోయి ప్రభకి భుజం పడతారు. ఈ భూమి ఎవరిదంటే సర్వే కొలతల పుస్తకం ఎఫ్‌ఎంబీ చెప్పే జవాబొకటి, ఆ రోజు చేలో కనపడేది ఇంకొకటి.

ప్రభ నడిచే దారిలోనే మాకూ అరెకరం ఉంది. కిందటేడు చుట్టుపక్కల చేలతో కలిపి నాలుగెకరాల్లో లేఅవుట్ వేస్తామని వచ్చారు. మా అబ్బాయి ప్లాను తెచ్చి మంచం మీద పరిచాడు. రోడ్లు, ప్లాట్లు, చుట్టూ ప్రహరీ. లేఅవుట్ రూలు ప్రకారం ఖాళీగా వదలాల్సిన పదో వంతు మాత్రం ఏ ప్లాటుకీ పనికిరాని నైరుతి మూల ముక్కోణంలో, ఇంకా అక్కడక్కడ ముక్కల్లో ఉంది.

"బోదె ఏదిరా?" అన్నాను.

"తూము వేసి పూడుస్తారు నాన్నా."

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ మా చేలకి గోదారి కాలవ నీళ్లే. లొల్ల లాకులు దాటి, పిల్లకాలవలు తిరిగి, చివరికి ఈ మూరెడు బోదెలోకి వస్తాయి. మా కింద ఇంకా ముగ్గురు రైతులున్నారు.

నిబంధనల్ని తప్పుపట్టను. 2006లో వచ్చిన భూ మార్పిడి చట్టం కింద ఎన్నో చేలు కొలిచాను. రూలే లేకపోతే ఆ పదో వంతూ మిగలదు. కానీ రూలు విస్తీర్ణం అడుగుతుంది, మనసు అడగదు.

మా అమ్మ అన్నం వార్చగానే మొదటి ముద్ద తీసి గోడ మీద కాకులకి పెట్టేది. చిన్నప్పుడొకసారి నేను గిన్నె అడుగు మాడు గీకి పట్టుకెళ్తుంటే చేతి మీద ఒక్కటి వేసింది. ఆ మొదటి ముద్ద సాటి ప్రాణులకి పెట్టే భూతయజ్ఞమని పెద్దయ్యాక చదువుకున్నాను. చట్టం దృష్టిలో నూటికి నూరూ నాది, అందులోంచి పది ఇస్తున్నాను. అమ్మ లెక్కలో ఆ పదీ మొదట్నుంచీ నాది కాదు. అది ఆ ప్రాణులకి చేరాకనే మిగతా తొంభై నా కంచంలోకి వస్తుంది. నైరుతి ముక్కోణం చూడగానే నాకు ఆ మాడే గుర్తొచ్చింది.

పెన్సిలు తీసుకున్నాను. నాలుగెకరాల్లో పదో వంతు 40 సెంట్లు. బోదె పొడవు ఆరు గొలుసులు. ఆ 40 సెంట్లనీ బోదె వెంబడి పరిస్తే 44 అడుగుల వెడల్పు వస్తుంది. నీళ్లు పారతాయి, ప్రభా పోతుంది. ప్రహరీకి రెండు చివర్లా ఖాళీ వదిలి గీత గీశాను.

"మూడు ప్లాట్లు పోతాయి నాన్నా," అన్నాడు వాడు. మళ్లీ లెక్కేసుకున్నాడు. కాసేపు మాట్లాడలేదు. ప్లాను చుట్టి చంకలో పెట్టుకుని, "వాళ్లకి చూపిస్తా," అని వెళ్లాడు. ఇంకా కబురు రాలేదు. కనుమ దగ్గర పడుతోంది. నిన్న బోదె గట్టు మీది తుమ్మకంప కొట్టించాను.