జరీ లోపలి ఎర్ర దారం

జరీ పోగును గోటితో నిదానంగా గీకితే మొదట పసుపుపచ్చని పూత పోతుంది. కింద వెండి తెల్లగా కనిపిస్తుంది. ఇంకా గీకితే ఎర్ర రంగు అద్దిన పట్టు దారం. జరీ అసలుదో నకిలీదో తేల్చుకోవడానికి చీరలు తెలిసినవాళ్లు చూసేది ఆ ఎరుపునే. పట్టు దారానికి చదును చేసిన వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత పూస్తారు. ఆ బంగారం మొత్తం బరువులో ఒక శాతం కూడా ఉండదు.

మదనపల్లె నీరుగట్టువారిపల్లె మగ్గాల మీద జరీ చీర అంచుల్లోకి వెళుతుంది. పెళ్లి రవికెల మీద మగ్గం వర్క్ చేసేవాళ్లు కుట్టే జర్దోసీ వేరు. స్ప్రింగులా చుట్టిన సన్నని తీగను చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి, పూసల్లా సూదికి గుచ్చి, గుడ్డ మీద ఒక్కొక్కటే కూర్చోబెడతారు. మక్కాలో కాబాకు కప్పే నల్ల పట్టు కిస్వా మీద ఖురాన్ వాక్యాలు కుట్టేదీ బంగారు పూత వేసిన వెండి తీగతోనే. ఇస్లాం సంప్రదాయంలో మగవాళ్లకు పట్టూ బంగారమూ కూడవు. మనిషి ఒంటికి వద్దన్నవే దేవుడి ఇంటికి తగినవయ్యాయి.

మనవైపు చిక్కు ఇంకోచోట ఉంది. పట్టు కట్టుకుని పూజకు కూర్చుంటే మడి. నూలు బట్టనైతే తడిపి ఎవరూ తాకకుండా ఆరేయాలి, పట్టుకు ఆ పట్టింపు అంతగా లేదు. ఆ పట్టు ఎలా వస్తుందో సోమల, పుంగనూరు, కుప్పం వైపు మల్బరీ వేసిన రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పురుగు నాలుగు జ్వరాలు దాటి (కుబుసం విడిచే నిద్రను అలా అంటారు) చంద్రికలెక్కి గూడు అల్లుకుంటుంది. సీతాకోక బయటికొస్తే గూటికి తూటు పడి దారం తెగుతుంది. అందుకే ముందుగానే ఆవిరితోనో వేడిగాలితోనో లోపలి ప్రాణం తీసి, వేడినీళ్లలో వేసి వందల మీటర్ల దారం తెగకుండా లాగుతారు.

ప్రాణం తీసిన దారం మడి ఎలా అయింది?

ఈ ప్రశ్న చాలా పాతది. పట్టు కలిపిన ఆసనం చేయించుకోవద్దని బౌద్ధ వినయపిటకంలో భిక్షువులకు నియమం ఉంది. పురుగుల్ని ఉడికించే పనితో సన్యాసులకేం సంబంధమని జనం నిలదీయడమే దానికి కారణమట. కంచి పరమాచార్య చంద్రశేఖరేంద్ర సరస్వతి (1894–1994) పట్టు మానమని స్త్రీలకు చెబుతూ వచ్చారు. చేనేత సహకార సంస్థ ఆప్కోలో పనిచేసిన కుసుమ రాజయ్య, సీతాకోక బయటికొచ్చేశాక మిగిలిన గూళ్లతో అహింసా పట్టు తీయించారు. తెగిన దారాన్ని వడకాలి కాబట్టి మెరుపు తగ్గుతుంది, ధర పెరుగుతుంది. పెంపుడు పట్టు సీతాకోక ఎగరలేదు, తినలేదు, కొద్ది రోజుల్లోనే పోతుంది. ఆ మాత్రానికి ఎందుకంటారు కొందరు. కానీ అది చావడం వేరు, మనం చంపడం వేరు.

మడి అన్న మాట మైల అంటకపోవడం గురించి చెబుతుంది. పురుగు గురించి అది ఏమీ చెప్పదు. పట్టు పవిత్రం కాబట్టి ఇక అడగడానికేమీ లేదనడం ఈ రెండింటినీ కలిపేయడమే. ప్లాస్టిక్ జరీలో వెండీ లేదు, పురుగూ లేదు. అయినా అది దేవుడికి తక్కువని భక్తులకు అనిపిస్తుంది. ఉన్నంతలో విలువైనదే ఇవ్వాలన్న మనసు గొప్పదే. ఆ విలువలో వెండి, రైతు కష్టం, నేతగాడి కళ్లు అన్నీ లెక్కకొస్తాయి. పురుగు ఒక్కటే రాదు.

పాత పట్టుచీరలు కొనేవాళ్లు జరీని కాలుస్తారు. పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తూ ముందే బూడిదవుతుంది. మిగిలిన వెండిని కరిగించి తూకం వేస్తారు.