పాత పేరు, క్రొత్త కాపురము

ధ్యానభాగము: మత్తయి 10:3



ఇంగ్లండు దేశమునకు ఆగ్నేయ దిక్కున కెంటు అను ప్రాంతము కలదు. అచ్చటి పల్లెలలో ఇటుకలతో కట్టిన గుండ్రని బురుజుల వంటి కట్టడములు అనేకము కనబడును. వాటిని ‘ఓస్ట్’ అందురు. బీరునకు చేదును వాసనను ఇచ్చు హాప్స్ అను తీగపువ్వులను ఆరబెట్టు బట్టీలవి. ఈ గుండ్రని బట్టీలు 19వ శతాబ్దపు ఆరంభమున వ్యాపించెను.

సెప్టెంబరులో కోసిన పచ్చి పువ్వులలో నూటికి సుమారు 80 పాళ్లు నీరే. మేడమీద సందులుగల బద్దల నేలపై గుర్రపువెండ్రుకల గుడ్డ పరచి, దానిమీద వాటిని పోసెడివారు. కోతకాలమంతయు క్రింద నిప్పు రాత్రింబగళ్లు మండుచుండెడిది. కప్పు కొనయందు గాలివాటమునకు తిరుగు తెల్లని కొయ్యమూతగుండా ఆవిరి వెలుపలికి పోయెడిది. 20వ శతాబ్దములో హాప్స్ సాగు తగ్గెను, యంత్రములు వచ్చెను, ఆ బట్టీలు చల్లారెను. అప్పుడు అనేకమైనవాటిని పడగొట్టక కాపురపు ఇండ్లుగా మార్చిరి. నిప్పు మండిన చోట నేడు కుటుంబములు కూర్చుండి భోజనము చేయుచున్నవి.

అయినను ఆ గోడలు ఇప్పటికిని గుండ్రముగానే యున్నవి. బీరువా గోడకు ఆనదు. మంచము మూలకు చేర్చుదమన్న మూలయే లేదు! పేరును మారలేదు. కాపురమున్నవారే తమ యింటిని ‘ఓస్ట్’ అని చెప్పుకొందురు. అది వారికి సిగ్గు కాదు.

మత్తయియును అట్లే చేసెను. పన్నెండుమంది అపొస్తలుల పేర్లు వ్రాయునప్పుడు తన పేరుతో సుంకరి యను మాటను తానే చేర్చుకొనెను. మార్కు, లూకా వ్రాసిన పట్టికలలో ఆ మాట లేదు. వారు మత్తయి అని మాత్రమే వ్రాసిరి. ప్రియులారా, రక్షింపబడినవాడు తన పాత పేరును కృతజ్ఞతతో చెప్పుకొనవచ్చును. దానిని అతనికి తగిలించు అధికారము మనకు లేదు.

మేమును ఇందులో తప్పినవారమే. త్రాగుడు మాని పదియేండ్లు గడచిన ఒక సహోదరునికి కానుకల లెక్క అప్పగింతమని పెద్దలు చెప్పగా, ఇంకను కొంతకాలము చూతమంటిమి. ఆయన ఏమియు అనలేదు. మరుసటి ఆదివారము వెనుక చాపమీద కూర్చుండెను. చల్లారిన బట్టీలో మేము ఇంకను పొగ వెదకితిమి. ఆయన యింటికి వెళ్లి క్షమాపణ అడుగుటకు మాకు మూడు నెలలు పట్టెను.

మీ సంఘములో పాత పేరుతోనే పిలువబడుచున్నవారు ఎవరైనను కలరా? ఈ వారము వారిని వారి సొంత పేరుతో పిలువుడి. మన గోడల వంపులన్నియు ఎరిగియు మనలో కాపురముండుటకు సిగ్గుపడని ప్రభువు మనకట్టి మనస్సు దయచేయును గాక. ఆమేన్.