పరకర్మ ఫలము

చేసిన కర్మకు ఫలము నశింపరాదు, చేయని కర్మకు ఫలము ప్రాప్తింపరాదు. కృతనాశ, అకృతాభ్యాగమములను ఈ రెండు దోషములను మన దార్శనికులు నిరసించిరి. అట్లయిన, 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనమున వెలసి, 110 అశ్వశక్తుల యంత్రమును కుటుంబోచితమైన చిన్న దేహమున ఇముడ్చుకొనిన గోల్ఫ్ జీటీఐ వంశమునకు చెందిన పాత కారును నిత్యోపయోగమునకై కొనువాడు ఆ రెండవ దోషమునే ధనమిచ్చి తెచ్చుకొనుచున్నాడా? ఇంజను వేడెక్కకమునుపే ఉరికించి, ఆయిలు మార్పును వాయిదా వేసి ఆనందించినవాడొకడు. అరిగిన క్లచ్చును, అలసిన టర్బోను అనుభవించువాడు వేరొకడు.

అయినను ఇచ్చట అన్యాయమేమియు లేదని నాకు తోచును. సర్వీసు పుస్తకమును చూడక, టైర్ల అరుగుదలను పరీక్షింపక, చల్లని ఇంజను మ్రోతను వినక, కేవల వేగమోహముచే సంతకము చేయుటయు కర్మయే కదా! (విక్రేత ముందుగనే ఇంజనును వేడిచేసి యుంచినచో, మరియొకనాడు వచ్చెదనని లేచుట మేలు.)

ప్రేయస్సు వేరు, శ్రేయస్సు వేరని కఠోపనిషత్తు విభజించినది. ఈ వాహనమో, ఉదయమున పిల్లలను బడికి చేర్చి, సంచులు మోసి, నిర్జనమైన కొండదారిలో యజమానిని మురిపించి, రెంటికిని సంధి కుదుర్చ జూచును. ఆ సంధికి మూల్యము గట్టి సస్పెన్షను, భారమైన బీమా. అందుచేత కొనుటకు ముందు దానిని నడిపి చూడవలసినది రాజమార్గమున గాదు, గతుకుల వీధిలో, సాయంకాలపు రద్దీలో, వెనుక సీటున ఇంటివారిని కూర్చుండబెట్టి.