రసికులకు వయస్సు కలదా?

గాయకులు ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1974 ఫిబ్రవరి 11వ తేదీన దివంగతులైరి. వారి కచ్చేరీలను ప్రత్యక్షముగా వినిన వృద్ధులును, ఆ తరువాత ఎన్నో ఏండ్లకు జన్మించిన విద్యార్థులును, ఒకరు తెనాలినుండి, ఒకరు డల్లాసునుండి, అంతర్జాలమున సమావేశమై, ఒక్క పద్యములోని ఆలాపనను గూర్చి అర్ధరాత్రము దాక చర్చించుచు, ఒండొరులను “తాతగారూ” అనియు “నాయనా” అనియు పిలుచుకొనుచుండగా, రక్తబంధము గాని ఊరిబంధము గాని లేని ఈ ఆత్మీయత యెక్కడిదను ప్రశ్న పుట్టక మానదు.

సమానస్మృతియే కారణమందురు కొందరు. నాకది చాలదు. 1957లో మాయాబజారు చిత్రమును నేలపై గూర్చుండి చూచినవానికిని, నిన్న ఫోనులో చూచిన బాలికకును సమానమైన స్మృతి యేది? ఆలంకారికుడగు భట్టనాయకుడు ప్రతిపాదింపగా అభినవగుప్తుడు సంస్కరించిన సాధారణీకరణ సిద్ధాంతమే ఇచట నాకు శరణ్యము: రసానుభవవేళ స్వపరభేదము సడలి, శోకమైనను శృంగారమైనను ఒక్కని సొత్తు గాక సహృదయులందరిదియు నగును. ఆ క్షణమున శ్రోత తన పేరునే మరచియుండగా, వయస్సు మాత్ర మెట్లు నిలుచును?

అభిమానము భక్తియేనా యని పెద్దలు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ న్యాయమైనదే. నారదభక్తిసూత్రములు భక్తులలో కులధనవిద్యాది భేదములను త్రోసిపుచ్చినవి. తారలను ఆరాధించు మూకలో ఆ భేదములు పోయినట్లు తోచినను, పరతారాద్వేషమను క్రొత్త భేదము పుట్టుచున్నది. ఘంటసాల శ్రోతల గోష్ఠి వ్యక్తిని గాక నాదమును ఆశ్రయించినంత కాలము ఆ దోషమునకు దూరమై యుండును. అచట బాలుడు పాడి పంపిన పద్యమునకు వృద్ధుడు శ్రుతి దిద్దును, వృద్ధుడు మరచిన చరణమును బాలుడు అందించును.